వేలు పెట్టి చూపించు

నేను పనిచేసే బడి గిద్దలూరు దాటాక, అడవి మొదలయ్యే వైపు ఉంది. పోయిన వారం ఐదో తరగతి పిల్లలకు చదివి అర్థం చేసుకునే పరీక్ష పెట్టమని పైనుంచి పేపర్లు వచ్చాయి. మేము దిద్ది, మార్కులు ఫోనులో ఎక్కించాలి. అందులో ఒక చిన్న గద్యం ఉంది. రాము ఒక రైతు. చాలా రోజుల తర్వాత వాన పడింది. చేను తడిసింది. రాము సంతోషించాడు. రాము ఎందుకు సంతోషించాడు అనేది ప్రశ్న. ఒక ఆడపిల్ల, ‘బోరులో నీళ్ళు పడినాయి’ అని రాసింది.

పిల్లను దగ్గరికి పిలిచి, పేపరు ముందు పెట్టాను.

“బోరు అని ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు.”

పిల్ల మొదటి లైను మీద వేలు పెట్టి కిందిదాకా జరిపింది. మళ్ళీ పైకి తెచ్చింది. వేలు ఎక్కడా ఆగలేదు.

“మా నాయన బోరు పడిన రోజు నవ్వినాడు మేడం. వానకు నవ్వలా” అంది.

సరే పోయి కూర్చోమన్నాను. ఆ పిల్లను అడిగిన ప్రశ్న నాది కాదని అప్పుడు గుర్తొచ్చింది. అది మా అన్న అడిగే ప్రశ్న. అదే గొంతు, ‘వేలు’ దగ్గర అదే ఒత్తు. ఆయన పోయి రెండు నెలలు దాటింది.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. మార్కాపురంలో పోటీ పరీక్షలకు చదువు చెప్పేవాడు. టీచరు ఉద్యోగాల పరీక్షలో తెలుగు గద్యాలు ఇచ్చి కింద ప్రశ్నలడుగుతారు. ఆయన చెప్పింది అదొక్కటే. లెక్కలకు, సైకాలజీకి వేరే వాళ్ళ దగ్గరికి పొమ్మనేవాడు. చనిపోయే ముందు ఆయన నన్నొక ప్రశ్న అడిగాడు. ఆయన నేర్పిన పద్ధతిలోనే జవాబు చెప్పాను. ఆ జవాబు వల్ల ఆయన కూతురు తండ్రిని ప్రాణంతో చూడలేకపోయింది. తప్పు జవాబు కాదు. ఎన్నిసార్లు సరిచూసుకున్నా తప్పు కాదు. రెండు నెలలుగా సరిచూసుకుంటూనే ఉన్నాను.

ఆయన చదువు చెప్పే చోటు ఒక మూతబడిన పలకల మిల్లు. గిరాకీ తగ్గి యజమాని కోత మిషన్లు అమ్ముకున్నాక రేకుల కప్పు, మూడు గోడలు మిగిలాయి. ఇటుకల మీద పరిచిన నల్లబండలే మాకు బెంచీలు. చలికాలంలో వాటి మీద పాత చీర మడిచి వేసుకుని కూర్చునేవాళ్ళం. ఎంత ఊడ్చినా నేల మీద బూడిదరంగు పొడి ఉండేది. ఇంటికి పోయి పుస్తకం దులిపితే సన్నగా రాలేది. అన్న అదే మిల్లులో పదిహేనేళ్ళు పలకలు కోశాడు. అంతకుముందు ఆయన నాయన కోశాడు. పగలు కోత, సాయంత్రం చదువు. అట్లాగే డిగ్రీ, బీఈడీ పూర్తి చేశాడు. ఉద్యోగం మాత్రం రాలేదు.

సార్ అని పిలిస్తే పలికేవాడు కాదు.

“సార్లు గవర్మెంటు బళ్ళో ఉంటారు. నేను ఉద్యోగం రానోణ్ణి. అన్నా అను” అనేవాడు. మగపిల్లలు అబ్బయ్యలు, ఆడపిల్లలం అమ్మాయిలం. ఎవరి పేరూ పట్టించుకునేవాడు కాదు. పరీక్ష పాసై పోయేవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకుని ఏం చేసుకుంటానని అడిగేవాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో పెన్ను పక్కనే స్కేలంత పొడవున్న పలక ముక్క ఉండేది. ప్రశ్నపత్రం చేతికి రాగానే ఆ ముక్కతో ఆప్షన్లను మూసేవాడు. గద్యంలో వెతికి, జవాబు మన నోటితో మనం చెప్పుకున్నాకే ముక్క తీయాలి.

“ముందే చూసినావనుకో, నలుగురూ మంచోళ్ళలాగే ఉంటారు. పెండ్లిచూపులకు నలుగుర్ని ఒకేసారి కూర్చోబెడతారా ఎవరైనా?”

ప్రశ్న చదివి దగ్గేవాడు. ఆ దగ్గుతో మాకు టైము మొదలయ్యేది. ఎప్పుడైనా దగ్గు రాకపోతే పెన్నులు పట్టుకుని ఆయన వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం. అది చూసి ఆయనే ముందు నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. అది మామూలు దగ్గు కాదని మాలో ఎవరికీ తోచలేదు. మార్కాపురంలో ఆ వయసు మగవాళ్ళు దగ్గుతూనే ఉంటారు.

నేను ఆయన దగ్గరికి వచ్చేటప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పాను. వయసు ప్రకారం నాకు మిగిలింది ఇంకొక్కసారి. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని నవలలు చదివేదాన్ని. చదవడంలో నాకు లోటేమీ లేదనుకునేదాన్ని. అన్న మొదటిరోజే ఒక గద్యం ఇచ్చాడు. ఒక ముసలామె సంతకు పోయి అమ్మకుండానే కోడిని వెనక్కి తెచ్చుకోవడం గురించి. ఐదు ప్రశ్నల్లో రెండు తప్పాను.

“ఈమె కోడిని ఎందుకు అమ్మలేదని పెట్టినావు?”

“ఆ కోడి మీద ప్రేమన్నా.”

“ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు.”

“అలా రాసి లేదు. కానీ అర్థమవుతుంది కదా. దాన్ని చీరకొంగులో పెట్టుకుని నడిచింది.”

“చీరకొంగులో పెట్టుకున్నదని ఉంది. దానిమీద పెట్టు వేలు. ప్రేమ అని ఉందా? లేదు. ధర రాలేదని ఉందా?”

వెతికాను. ఉంది. మూడో లైనులో, నేను జారిపోయిన చోట.

“నువ్వు చదువుతుండావు అమ్మాయ్. చదవొద్దు. వెతుకు. ముందు ప్రశ్నలు చూడు, తర్వాత గద్యంలోకి పో. పెండ్లికి పోయేటోడు ఎవరి పెండ్లో తెలుసుకోని పోతాడు గద? గద్యం బాగుందని మెచ్చుకునేదానికి ఒక నిమిషం పోతే, ఆ నిమిషం నీకు ఎవరిస్తారు?”

నాకు కోపం వచ్చింది. మరుసటిరోజు రాకూడదనుకున్నాను. వచ్చాను. ఒక్కసారే మిగిలి ఉన్నవాళ్ళకు కోపం ఎక్కువసేపు ఉండదు.

ఆయన పద్ధతుల్లో వింతైనది ఒకటుంది. గద్యాలు తనే రాసి బోర్డు మీద పెట్టేవాడు. గోడకు నల్లరంగు పూసిన భాగమే మా బోర్డు. ఆ గద్యాల నిండా అబద్ధాలుండేవి. ఒకరోజు ఇలా రాశాడు. ‘గుండ్లకమ్మ నది ఏడాది పొడుగునా నిండుగా ప్రవహిస్తుంది. మార్కాపురంలో తెల్లని పలకలు తయారవుతాయి. గిద్దలూరు స్టేషనులో పావుగంటకొక రైలు ఆగుతుంది. అందువల్ల అక్కడ ఆటోలకు తీరిక ఉండదు.’ కింద ప్రశ్నలు. గుండ్లకమ్మ ఏ నెలలో ఎండిపోతుంది? పలకల రంగేమిటి?

గిద్దలూరు నుంచి వచ్చే ఒకతను లేచి నిలబడ్డాడు.

“అన్నా, ఇదేందన్నా? మా నాయన పొద్దస్తమానం స్టేషను ముందర ఆటో పెట్టుకోని ఈగలు తోలుకుంటుంటాడు.”

“మీ నాయన ఈ గద్యంలో ఉన్నాడా?”

“లేడు.”

“మరి ఎందుకు తోలుకొచ్చినావు? పోయి ఇంటికాడ దింపి రాపో.”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ ఆరోజు సగం మంది గుండ్లకమ్మకు ఏప్రిల్ అనో మే అనో రాశాం. ఎండిపోదు అనే జవాబు మా చేతికి రాలేదు. పలకలు నలుపు అని రాసినవాళ్ళు కూడా ఉన్నారు. నేను ఆ రెండూ తప్పాను.

“నది ఎండిందా లేదా అని నిన్నెవరూ అడగలా. వీడేం రాసినాడు అని అడిగినారు. వీడు అబద్ధాలకోరైతే దేవుడు చూసుకుంటాడులే. నీ మార్కు నువ్వు తీసుకో. చెప్పులతోపాటు మీకు తెలిసింది కూడా బయట ఇడిచి రాండి. పరీక్ష అయినాక తొడుక్కోవచ్చు.”

తెలియని విషయం మీద గద్యం వస్తే దేవునికి స్తోత్రం చెప్పుకోమనేవాడు. తెలిసిన విషయం వస్తే భయపడమనేవాడు. పరీక్షలో ఇచ్చే గద్యాన్ని అపరిచిత గద్యం అంటారు. పరిచయం ఉన్నట్టు పలకరించొద్దని హెచ్చరించేవాడు.

ఎందుకిన్ని అబద్ధాలు రాస్తాడో ఒక ముసురు రోజు తెలిసింది. మధ్యాహ్నం నుంచి సన్నగా వాన. నేను, మరో ఇద్దరు అమ్మాయిలు మాత్రం వచ్చాం. రేకుల మీద వాన చప్పుడుకు పాఠం వినపడక ఆపేశాడు. టీ తెప్పించాడు. ఎప్పటిలాగే సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

“నా ఆఖరి చాన్సులో గద్యం దేనిమీద వచ్చిందో చెప్పండి చూద్దాం.”

మేము తలా ఒకటి చెప్పాం. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పలకల మీద. నవ్వొచ్చింది నాకు ఆ హాల్లో. నా పంట పండిందనుకున్నా. పలకలు కోసే చోట పనోళ్ళు దుమ్ము పోకుండా మూతికి తడిగుడ్డ కట్టుకుంటారని రాసినాడు అందులో. నేను చదవలా. నేనెందుకు చదవాల? నేను కోసిన పలకలు గద అవి. ప్రశ్న ఏందంటే, పనివారు దుమ్ము నుంచి ఎట్ల కాపాడుకుంటారు? నాలుగో ఆప్షను, ఏ జాగ్రత్తా తీసుకోరు. దానికి పెట్టినా.”

“అది నిజమే కదన్నా” అన్నాను.

“నిజమే. ఈ షెడ్డులో మూతికి గుడ్డ కట్టినోణ్ణి నేను ఒక్కణ్ణి చూడలా. మా నాయన కట్టలా, నేను కట్టలా. కట్టుకుంటే చెమటకు ఊపిరాడదు, ఇంక పనేం చేస్తాడు? నిజమే రాసినా. అర మార్కుకు పోయింది ఉద్యోగం. పలకలోడే పలకల గద్యంలో తప్పినాడని మా పల్లెలో ఇప్పటికీ నవ్వుతారు.”

ఆయన కూడా నవ్వాడు. ఒక అమ్మాయి ఇంకేదో అడగబోయింది. ఆయన లేచి, మిగిలిన టీ బయట వానలో పారబోసి, బోర్డు తుడవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆదివారం ఆయన చర్చిలో వాక్యం చదివేవాడు. ఒకసారి మా పిన్ని వాళ్ళతో పోయి విన్నాను. లైను కింద వేలు పెట్టుకుని, హెచ్చుతగ్గులు లేకుండా, రేషను కార్డు చదివినట్టు చదివాడు. కొంచెం భావంతో చదవకూడదా అని పాస్టరయ్య బయట అడిగితే, “భావం మీరు చెప్తారు గద అయ్యగారూ. నేను రాసింది చదివినా” అన్నాడు. అయ్యగారు నవ్వాలో వద్దో తెలియక భుజం తట్టి పోయాడు.

అన్ని రకాల ప్రశ్నల్లోకి ఆయన భయపడింది చివరిదానికి. ‘పై గద్యాన్ని బట్టి గ్రహించదగినది’ అని వస్తుంది. అది గద్యంలో రాసి ఉండదు, కానీ గద్యంలోంచే రావాలి. అక్కడ కూడా వేలు పెట్టాల్సిందే, వేలు పెట్టిన చోటు నుంచి ఒక్క అడుగు వేయాలి.

“పొయ్యి మీద ఎసరు పెట్టిందని రాసుంటే, అన్నం వండబోతుందని గ్రహించు. ఇంటికి చుట్టాలొచ్చినారని గ్రహించొద్దు. ఒక అడుగే. రెండో అడుగు నీది, గద్యానిది కాదు.”

నా రోగం ఆ రెండో అడుగు. ఆయన దాన్ని నాలుగు నెలలు పట్టి తీశాడు. ప్రతి జవాబుకూ వేలు. శీర్షిక పెట్టమంటే వేలు. ‘అందరూ’, ‘ఎప్పుడూ’ అనే మాటలున్న ఆప్షను మీద వేలు పెట్టి, ‘అందరూ అనేటోణ్ణి నమ్మొద్దు’ అని పైకి అనమనేవాడు. చివరికి నా చూపుడువేలి గోరు పక్కన పెన్సిలు నలుపు పోవడం మానేసింది.

పరీక్ష కంప్యూటరు మీద రాశాను. ఒంగోలు దగ్గర ఒక కాలేజీలో. గద్యం తెర మీద వచ్చింది. అలవాటుగా తెర మీద వేలు పెట్టాను. సూపర్‌వైజరు వచ్చి, “మేడం, స్క్రీను ముట్టుకోకూడదు” అన్నాడు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అక్కడే వేలు కదుపుతూ పూర్తిచేశాను. గద్యాల్లో ఒక్కటీ తప్పలేదు. ఉద్యోగం వచ్చింది. మిఠాయి పెట్టె తీసుకుని పోతే, గద్యం దేనిమీద వచ్చిందని అన్న అడిగాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

“గుర్తు లేదా? అయితే బాగా రాసినావు” అన్నాడు.

ఆ తర్వాత నవలలు చదవలేకపోయాను. ఇప్పటికీ చదవలేను. ఒక పేజీ తిప్పేసరికి దానికింద నాలుగు ఆప్షన్లు కనిపిస్తాయి. ఈ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయి చూసి వచ్చేదాన్ని. ఆయన భార్యను వదినా అనేదాన్ని. ఆమె మిరప కోతలకు, పత్తి తీతకు పోయేది. అక్షరాలు రావు. వాళ్ళకు ఒక్కతే కూతురు. బీఈడీ చేసి ఒంగోలులో హాస్టల్లో ఉండి ఇదే పరీక్షకు చదువుతోంది. నన్ను అత్తా అంటుంది. ఆమెకు కూడా గద్యాలు అన్నే చెప్పాడు, ఫోనులో. పరీక్ష ఇన్నేళ్ళకు పడింది, మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలియదు.

ఈ ఏడాది ఒకరోజు ఫోను చేశాడు. గొంతు సన్నబడి ఉంది.

“ఆదివారం రా అమ్మాయ్. ఒక గద్యం వచ్చింది. చూడాల.”

పోయాను. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కులో గొట్టం, మంచం పక్కన గాలి మిషను గుర్రుమంటోంది. పలకల దుమ్ము జబ్బని ఊళ్ళో అందరికీ తెలుసు. పాదాలు వాచి నున్నగా ఉన్నాయి. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఆగుతున్నాడు.

నేను ఇంకా కూర్చోకముందే వదిన మొదలుపెట్టింది.

“నువ్వన్నా చెప్పమ్మా ఈయనకు. పాపకు ఫోను చేసి రమ్మంటానంటే కరిచినంత పని చేస్తాడు. పరీక్ష పరీక్ష అంటాడు. ఇంకా ఐదు వారాలుందంట ఆ పరీక్ష. అందాక నాకు భయంగా ఉండదా?”

“వస్తే ఇంక పోదు అది” అన్నాడు అన్న. “నన్ను చూసుకుంటా ఇక్కడే కూర్చుంటుంది. పుస్తకం పట్టదు.”

“ఎందుకు పోదు, నేను పంపియ్యనా?”

“నీ మొఖం పంపిస్తావు.”

దిండు కింద నుంచి కాగితాలు తీసి నాకిచ్చాడు. పెద్దాసుపత్రి రిపోర్టు. రెండు పేజీలు, ఇంగ్లీషులో.

“నేను చదివి చెప్తే నమ్మడంలా మీ వదిన. నువ్వు చదివి చెప్పు. రాసిందే చెప్పాల.”

చదివాను. మొదట ఒకసారి త్వరగా, తర్వాత వేలు పెట్టి. ఆయన నా వేలునే చూస్తున్నాడు.

“ప్రాణానికి ప్రమాదమని ఉందా?”

వెతికాను. “ఆ మాట లేదన్నా.”

“ఇంట్లోవాళ్ళను పిలిపించుకోమని ఉందా?”

“లేదు.”

“మరేముంది?”

“ఊపిరితిత్తులు బాగా గట్టిపడ్డాయని ఉంది. గాలి మిషను ఆపకుండా వాడాలని ఉంది. మందులు ఉన్నాయి. మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చి చూపించుకోమని ఉంది.”

“ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు. నాకు కాదు, మీ వదినకు.”

వదిన చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి వంగింది. నా వేలి కింద ఉన్న లైనును చాలాసేపు చూసింది.

“దీన్ని బట్టి” అని ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. “దీన్ని బట్టి ఏం గ్రహించాల?”

ప్రశ్న అయిపోయింది. ఆయన దగ్గలేదు. దగ్గడానికి కావలసిన బలం కూడా ఆయనలో లేదని అప్పుడు చూశాను. నేను ఏం చెప్పాలో నాకు తెలుసు. నాలుగు నెలలు ఆ ఒక్కటే నేర్చుకున్నాను.

“మూడు నెలల తర్వాత మీరు వస్తారని డాక్టర్లు అనుకుంటున్నారు.”

“కరెక్టు” అన్నాడు.

వదిన ముఖం తేటపడింది. “మూడు నెలలా? అట్లయితే పాప పరీక్ష రాసినాకనే వస్తుందిలే. నేనే పిచ్చిదాన్ని” అని, నాకు అన్నం పెడతానంటూ లోపలికి పోయింది.

నేను ఆయన పాదాల వైపు చూశాను. గోళ్ళు నీలంగా ఉన్నాయి. నేను చూడటం ఆయన చూశాడు.

“అన్నా” అన్నాను.

“ఆగు అమ్మాయ్. రెండో అడుగు ఎయ్యొద్దు.”

ఆగాను. వదిన పెట్టిన అన్నం తిన్నాను. బస్సుకు వస్తూ ఫోనులో పాప నంబరు తీసి చూసుకున్నాను. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదంటే, ఆయన వద్దన్నాడు కాబట్టి అని చెప్పుకోవచ్చు. అది సగమే. చేస్తే ఏమని చెప్పాలి? మీ నాయన ఐదు వారాలు ఉండడని ఎక్కడుంది? ఏ లైను మీద వేలు పెట్టి చూపించాలి?

పరీక్ష రోజు పొద్దున్నే పోయాడు. తొమ్మిది గంటలకు వదిన నాకు ఫోను చేసింది. ఏడుపు లేదు. “మూడు నెలలంటివి గదమ్మా” అంది. అంతే అంది. ఫోను పెట్టేయలేదు. గాలి మిషను ఎవరూ ఆపలేదనుకుంటాను, దాని చప్పుడు వినపడుతూనే ఉంది.

పాప ఫోను పరీక్ష కేంద్రం బయట సంచిలో ఉండిపోయింది. మధ్యాహ్నం బయటికి వచ్చి చూసుకుంది. సాయంత్రం దాకా ఆమె కోసం ఆగారు. హాల్‌టికెట్టు చేతిలో మడత పెట్టి పట్టుకునే వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు సమాధి దగ్గర కూడా అట్లాగే పట్టుకుని నిలబడింది. అయ్యగారు ప్రార్థన చేశాడు. అన్న వాక్యం చదివే చోట ఆరోజు ఇంకెవరో చదివారు, భావంతో.

మూడో రోజు ప్రార్థన కూడికకు నేను మళ్ళీ పోయాను. వచ్చినవాళ్ళు పోయాక, పాప లోపలి గదిలో కింద కూర్చుని ఆ రిపోర్టు చదువుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

“అత్తా, ఇది నువ్వే చదివి చెప్పినావంట.”

“అవును.”

ఆమె మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదివింది. వాళ్ళ నాయన వేలు జరిపినట్టే, లైను చివర కాస్త ఆగి. రెండో పేజీలో మూడు నెలలని ఉన్న చోట వేలు నిలిపింది.

“నువ్వు కరెక్టుగానే చెప్పినావు. ఇట్లనే ఉంది.”

వేలు అక్కడే ఉంచి నా వైపు తిరిగింది.

“నాయన మొఖం చూసినావు గద ఆరోజు?”

“చూసినాను.”

“కాళ్ళు?”

“చూసినాను పాపా.”

ఆమె కాగితాలు రెండూ సరిచేసి పాత మడతల ప్రకారం మడిచింది.

“నాకు ఫోను చెయ్యాలని ఇందులో రాసి లేదు. అంతే గద అత్తా?”

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగినట్టు అడిగింది. ఇంకాసేపు కూర్చుని, చివరి బస్సు వెళ్ళిపోతుందని లేచాను. పరీక్ష ఎట్లా రాశావని అడగాలనుకుని అడగలేదు. ఫలితాలు ఇంకా రాలేదు.

ఐదో తరగతి మార్కులు నిన్నటిలోగా ఫోనులో ఎక్కించాలన్నారు. అందరివీ ఎక్కించాను, ఆ ఆడపిల్లది తప్ప. గడి ఖాళీగా పెడితే అది ముందుకు పోదు. జవాబుల కాగితంలో ‘వాన పడినందువల్ల’ అని ఉంది. నిన్న సాయంత్రం బడి వదిలే ముందు సున్నా ఎక్కించాను.

తర్వాత ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మీ బోరు ఎన్ని అడుగులకు పడింది, ఆరోజు మీ నాయన ఎట్లా నవ్వినాడు అని అడిగాను. పిల్ల మొదట నా చేతిలో ఉన్న పేపరు వైపు చూసింది. దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టాను. అప్పుడు చెప్పింది, చాలాసేపు.